పదివేల గీత

సార్వా ఊడ్పులు మొదలైతే చాలు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఒకటే మాట వినిపిస్తుంది. "మనుషులు దొరకట్లేదండీ. బియ్యం ఉచితం, గ్యాసు ఉచితం, పిల్లల పేరున డబ్బులు, పెద్దోళ్ళకి పింఛను. ఇంకెవరొస్తారు పనికి?" అనేవాళ్ళలో చాలామంది కౌలురైతులు. ఊడ్పులు వారం ఆలస్యమైతే పంట చేతికొచ్చేనాటికి తుపాను ముంచుకొస్తుందేమోనని వాళ్ళ బెంగ. పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలను పిలిపించి నాట్లు వేయించుకునే పరిస్థితి గోదావరి డెల్టాలో మామూలైపోయింది. కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేం.

ఇదే మాట 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులోనూ వినిపించింది. నగరాల్లో నిలువనీడ లేనివారి కేసు విచారిస్తూ జస్టిస్ గవాయ్, ఉచిత పథకాల మూలంగా జనం పనిచేయడానికి ఇష్టపడడం లేదని వ్యాఖ్యానించారు. టీకొట్టు నుంచి న్యాయస్థానం దాకా ఇంతమంది నమ్ముతున్న సంగతిని కాగితం మీద లెక్కవేసి చూడాలి. ఇంట్లో కూర్చుంటే ఎంత వస్తుంది? పనికి వెళితే ఎంత?

కొల్లేటి అంచున ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భార్యాభర్తలు, బడికెళ్ళే ఇద్దరు పిల్లలు, భర్త పోయిన అత్తగారు. అత్తగారికి ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 4,000. 2024 జూలై ఒకటిన 3,000 నుంచి 4,000 అయిన పింఛను ఇది. ఏడాదికి 48,000. 2025 జూన్ 12న మొదలైన తల్లికి వందనం కింద బిడ్డకు 15,000 చొప్పున ప్రకటించారు. అందులో రెండు వేలు బడి నిర్వహణకు పోగా తల్లి ఖాతాలో పడేది 13,000. ఇద్దరికీ 26,000. దీపం పథకంలో మూడు సిలిండర్లు, సుమారు 2,500. రేషను బియ్యం తలకు ఐదు కిలోల లెక్కన ఐదుగురికి ఏడాదికి 300 కిలోలు. బజారులో కిలో 40 అనుకుంటే 12,000. అన్నీ కలిపితే 88,500. నెలకు ఏడువేల మూడొందల చిల్లర.

తక్కువేం కాదు. కానీ అందులో సగానికి మించి అత్తగారిది. ఆమె వయసుకు ఊడ్పులకు వెళ్ళలేదు, వెళ్ళమని అడిగేవారూ ఉండకూడదు. పింఛను తీసేస్తే మిగిలేది 40,500. నెలకు 3,375 రూపాయలు. ఐదుగురున్న ఇంట్లో పాలకీ కూరగాయలకీ కరెంటు బిల్లుకీ సరిపోతే గొప్ప. ఇంటద్దె, పెళ్ళిళ్ళు, ఆసుపత్రి, వడ్డీ, పండక్కి కొత్తబట్టలు ఇవేవీ అందులో ఇమడవు.

ఇప్పుడు పని సంగతి. భర్తకు రోజుకు 500 చొప్పున ఏడాదిలో 200 రోజులు పని దొరికిందనుకుందాం: లక్ష. భార్యకు 350 చొప్పున 120 రోజులు: 42,000. ఇద్దరి సంపాదన లక్షా నలభై రెండు వేలు. పింఛను కాక వచ్చే సాయానికి మూడున్నర రెట్లు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఈ రెండు మొత్తాల్లో ఏదో ఒకటే ఎంచుకోవాలని ఆ కుటుంబాన్ని ఎవరూ అడగడం లేదు. కూలికి వెళ్ళినంత మాత్రాన గ్యాసు ఆగదు, బియ్యం తగ్గవు. బ్రిటన్‌లోలా పనిలేనివాడికి జీవనభృతి ఇచ్చే పథకం మన దగ్గర లేదు. ఇక్కడి సాయమంతా ముసలితనానికి, వైధవ్యానికి, అంగవైకల్యానికి, పిల్లల చదువుకు, వంటింటికి. పనిచేయగల మనిషికి పనిచేయకుండా ఉన్నందుకు డబ్బిచ్చే పద్దు రాష్ట్రంలో వెతికినా కనిపించదు.

మరి ఊడ్పులకు మనుషులు ఏమైనట్టు? పశ్చిమగోదావరి, ఏలూరు, కోనసీమ జిల్లాల పల్లెల్లో ఇంటింటికీ తెలిసిన జవాబే ఇది. కువైట్, దుబాయ్, మస్కట్‌లలో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళలో ఈ జిల్లాలవారు ఎంతమందో! పసిపిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి, పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి, రెండేళ్ళకోసారి ఇంటిముఖం చూసే మనుషుల్ని కన్న ఊళ్ళను బద్ధకపు ఊళ్ళనడం అన్యాయం. మిగిలినవాళ్ళు చేపల చెరువులకు, రొయ్యల షెడ్లకు, రైస్ మిల్లులకు, హైదరాబాదు కట్టడాలకు వెళ్తున్నారు. నడుం వంచి బురదలో పదిగంటలు నిలబడే పనికన్నా కాస్త మెరుగైన పని దొరికితే అటు పోతారు. ఎవరైనా చేసేది అదే.

ఉపాధి హామీ పనుల మీదా ఇలాంటి ఫిర్యాదే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. 2025-26లో మన రాష్ట్రంలో దాని రోజుకూలి 307 రూపాయలు. వంద రోజులూ దొరికి, కొలతల ప్రకారం పూర్తి కూలి పడినా ఏడాదికి 30,700. డెల్టాలో ఈ పనులు సాగేది చాలావరకు ఎండాకాలంలో. కాలవలకు నీళ్ళు కట్టేశాక, దాళ్వా కోతలయ్యాక, పొలంలో పనే లేని రోజుల్లో పూడికతీతకు వెళ్తారు. ఊడ్పుల కూలి ఇంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడు దాన్ని వదిలి తట్టాపారా పట్టేవాళ్ళు అరుదు. అయినా రైతుల మొర ఢిల్లీకి వినబడింది. 2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పనిదినాలను 125కు పెంచుతూనే, సాగు పనులు ముమ్మరంగా ఉండే రోజుల్లో ఏడాదికి 60 రోజులు పనులు ఆపే ఏర్పాటు చేసింది.

సాయం మనుషుల్ని పనికి దూరం చేస్తుందా అన్న ప్రశ్నకు మన నేలమీదే ఒక పెద్ద పరీక్ష జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో, ఉపాధి కూలి, పింఛను సొమ్ము బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులతో చెల్లించే పద్ధతిని కొన్ని మండలాల్లో ముందు, కొన్నిటిలో తరవాత ప్రవేశపెట్టారు. ముందు ఎక్కడన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఆ రెండు రకాల మండలాలనూ పోల్చి చూశారు. పథకం సక్రమంగా నడిచినచోట పేద కుటుంబాల సంపాదన సుమారు 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం పథకం కూలి కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. ఉపాధి పని గట్టిగా దొరికేసరికి బయటి కూలి రేట్లు పెరిగాయి. రేట్లు పెరిగినా బయటి పనులు తగ్గలేదు, పైగా పెరిగాయి.

రైతుకు ఈ ఫలితం మింగుడుపడకపోవచ్చు. కూలి రేటు పెరగడం ఆయన జేబుకు చిల్లే. కాకపోతే అది రేటు పెరిగిన బాధ. కూలీ బద్ధకం అన్నది వేరే నింద. ఈ రెండూ కలిపేసి మాట్లాడుకోవడం వల్ల అసలు సంగతి మరుగున పడుతోంది.

2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ కూడా తోటివారితో కలిసి మెక్సికో, హోండురాస్, నికరాగువా, ఇండోనేసియా, ఫిలిప్పీన్స్, మొరాకో దేశాల్లో పేదలకు డబ్బిచ్చిన ఏడు పథకాలను తిరగేసి చూశారు. డబ్బు అందుకున్నవాళ్ళు పని తగ్గించారనడానికి చెప్పుకోదగ్గ ఆధారం ఎక్కడా దొరకలేదు.

ఈ అనుమానానికి మన ప్రాంతంలో పాత చరిత్రే ఉంది, అది రక్తం ఓడ్చిన చరిత్ర. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడిపోతుంటే ఖర్చు తగ్గించే పనిమీద సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపించారు. గోదావరి జిల్లా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. కరువు పనుల్లో కూలి ఎక్కువైతే జనం మామూలు పనులకు పోరని టెంపుల్ వాదన. మగమనిషికి రోజుకు పౌను గింజలు, ఒక అణా అని కూలి కుదించాడు. పౌను అంటే అరకిలో కూడా నిండదు. దానిమీద మట్టి తవ్వి మొయ్యాలి. ఇంటికి దగ్గర్లో పని ఇవ్వకూడదనీ, నిజంగా అవసరమున్నవాడు దూరమైనా నడిచొస్తాడనీ మరో షరతు. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ లెక్కలు చూపించి పోరాడాడు. శిబిరాల్లో చావులు ఆయన్నే సమర్థించాయి. సాయం పొందేవాడు బద్ధకస్తుడై ఉంటాడన్న ఊహతో మొదలుపెట్టిన లెక్క ఎక్కడికి పోతుందో అంతకన్నా గట్టి నిదర్శనం అక్కర్లేదు.

అలాగని మన పథకాల్లో వంకలేదా? ఉంది. టీకొట్టు దగ్గర చెప్పుకునేచోట కాదు, మరోచోట. సాయం అందుకోవడంలో కాదు, అది ఆగిపోయేచోట.

2019లో నవశకం పేరుతో ప్రభుత్వం అర్హతలను తిరగరాసింది. పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు 10,000, పట్టణంలో 12,000 లోపు ఉండాలి. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిపి పదెకరాలు దాటకూడదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్ల లోపు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఆ ఉద్యోగం నుంచి రిటైరైన పింఛనుదారు గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు. ఆదాయపన్ను కట్టకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫర్వాలేదు. బియ్యం కార్డుకు పెట్టిన ఈ కొలతబద్దనే పింఛనుకూ పిల్లల డబ్బుకూ పెడతారు. ప్రభుత్వాలు మారినా, పథకాల పేర్లు మారినా ఆ అంకెల అసలు రూపం మారలేదు.

పదివేలు అనే ఆ అంకెను ప్రభుత్వం తానే ఇచ్చే కూలి పక్కన పెట్టి చూడండి. ఉపాధి కూలి 2019-20లో 211. భార్యాభర్తలిద్దరికీ నెలకు 26 రోజులు పని ఉంటే 10,972. అంటే ప్రభుత్వం తానే నిర్ణయించిన ఉపాధి కూలిమీద ఇద్దరు మనుషులు నెలంతా కష్టపడితే ఆనాడే గీత దాటేశారు. 2025-26 నాటి 307 లెక్కన అది 15,964. కూలి కదిలింది, గీత కదల్లేదు.

పైన మనం ఊహించుకున్న కుటుంబం సంగతీ అంతే. లక్షా నలభై రెండు వేలంటే నెలకు 11,833. కాగితం ప్రకారం ఆ ఇంటికి కార్డు ఉండకూడదు. అయినా ఉంటుంది. ఎందుకంటే ఆ సంపాదన ఎక్కడా రాసి ఉండదు.

కైకలూరు, ఆకివీడు వైపు చేపల పట్టుబడి చూసినవాళ్ళకు ఇది తెలుసు. తెల్లవారకముందే చెరువులో వల దిగుతుంది. గుండెలోతు నీళ్ళలో మనుషులు వరసగా నిలబడి వలను ఒక మూలకు లాగుతారు. నీళ్ళు ఉడుకుతున్నట్టు చేపలు ఎగురుతుంటే శీలావతి ఒకవైపు, బొచ్చె ఒకవైపు ఏరి ట్రేలలోకి విసురుతారు. ట్రే కాటా మీదకు, కాటా మీంచి ఐసులోకి, ఐసుతో లారీలోకి. ఎండ ముదిరేలోగా బండి కోల్‌కతా దారి పట్టాలి. గట్టుమీద మేస్త్రి తూకం చీటీ చూసుకుని ముఠాకొచ్చిన డబ్బు తలా ఇంతని పంచేస్తాడు. నోట్లు తడిచేతుల్లోంచి చొక్కా జేబులోకి వెళ్తాయి. ఆ డబ్బుకు రసీదుండదు, పీఎఫ్ ఉండదు, బ్యాంకు ఖాతాలో జాడుండదు.

అదే మనిషి కొడుకు ఇంటరు పూర్తిచేసి తాడేపల్లిగూడెంలో మిల్లులోనో షోరూములోనో చేరాడనుకోండి. జీతం ఖాతాలో పడుతుంది. పీఎఫ్ నంబరు వస్తుంది. ఆదాయం మొదటిసారి ప్రభుత్వ కళ్ళకు కనబడుతుంది. తండ్రి పట్టుబడిలో అంతకన్నా ఎక్కువ తెచ్చిన నెలలున్నా అది లెక్కలోకి రాలేదు. కొడుకు జీతం లెక్కలోకి వచ్చింది.

పట్టణంలో ఒకే సంపాదన ఉన్న ఐదుగురి ఇంటికి గీత 12,000 కదా. ఆ మనిషి జీతం 11,500 నుంచి 12,500కు పెరిగితే ఏడాదికి అదనంగా 12,000 వస్తుంది. పోయేది, అత్తగారి పింఛను పక్కన పెట్టినా, 40,500. మళ్ళీ గీత అంచున ఉన్నప్పటి స్థితికి చేరాలంటే జీతం 15,375 కావాలి. పింఛను కూడా పోయే ఇల్లయితే 19,375. పన్నెండు వేల నుంచి పందొమ్మిది వేల దాకా ఎంత ఎక్కువ సంపాదించినా ఇల్లు నష్టంలోనే ఉండే గుంట అన్నమాట. దీనికి తోడు పీఎఫ్ కింద జీతంలో 12 శాతం, ఈఎస్ఐకి 0.75 శాతం కోత. అవి రేపటికి పనికొచ్చే డబ్బే, ఈఎస్ఐతో ఇంటిల్లిపాదికీ వైద్యం ఉంటుంది. కానీ నెలాఖరున చేతికొచ్చేది తగ్గుతుంది, ఆ నెలలోనే పింఛనూ ఆగితే ఎంత ముందుచూపున్నవాడైనా తట్టుకోవడం కష్టం.

ఈ గుంటలో పడ్డామని రోడ్డెక్కి చెప్పినవాళ్ళు అంగన్‌వాడీలు. 2019లో కార్యకర్తల గౌరవ వేతనం 11,500 అయింది, ఆయాలది 7,000. పల్లె గీత పదివేలు. గీతకు పైన పదిహేను వందలు, ఏడాదికి 18,000. ఆ కొసరుతో ప్రభుత్వం దృష్టిలో వాళ్ళు కలిగినవాళ్ళయిపోయారు. వేతనం దగ్గర ఉద్యోగులుగా గుర్తించని ప్రభుత్వం పథకాల దగ్గర మాత్రం ఉద్యోగులుగా లెక్కగట్టింది. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన సమ్మెలో వేతనం పెంపు, గ్రాట్యుటీలతోపాటు సంక్షేమ పథకాలు తమకూ వర్తింపజేయాలన్న డిమాండు ఉండడానికి కారణం ఇదే. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించినా వాళ్ళు వెనక్కి తగ్గలేదు. ఊరి పిల్లలకు పాలూ గుడ్లూ పెట్టే మనిషి తన అత్తగారి పింఛను తన జీతం వల్ల పోయిందని ఇంట్లో మాటపడడం ఏ లెక్కన న్యాయమో అర్థం కాదు.

గీత ఉన్నచోట జనం దాని చుట్టూ దారులు వెతుక్కుంటారు. పని మానేయడం అందులో లేదు. కొత్తగా పెళ్ళయిన కొడుకును వేరే కార్డుకు మార్పించుకుంటారు. ఒకే వంటింట్లో తింటూ తల్లిదండ్రులను విడిగా చూపిస్తారు. జీతంలో కొంత చేతికి నగదుగా ఇమ్మని యజమానిని బతిమాలతారు. పీఎఫ్ వద్దంటారు. కారు బావమరిది పేరున కొంటారు. ఇవి తప్పులే. తప్పు చేస్తేనే నిలబడేలా రూలు రాసి, ఆపైన మనుషుల నీతిని తప్పుపట్టడం సరికాదు. ఇందులో అన్నిటికన్నా నష్టపోయేది యువకులు. పీఎఫ్ లేని ఉద్యోగం అంటే రేపు పింఛను లేని ముసలితనం. ఇవాళ తల్లి 4,000 కాపాడటానికి కొడుకు తన రేపటిని వదులుకుంటున్నాడు.

బ్రిటన్‌లో ఇదే చిక్కు వచ్చినప్పుడు సాయాన్ని ఒక్కసారిగా కత్తిరించకుండా మెల్లగా తగ్గించే పద్ధతి పెట్టారు. అక్కడి యూనివర్సల్ క్రెడిట్‌లో, మినహాయింపు దాటాక, సంపాదించిన ప్రతి పౌనుకూ 55 పెన్నీల సాయం తగ్గుతుంది. 2021 నవంబరుకు ముందు 63 పెన్నీలు తగ్గేది. ఎంత తగ్గినా పనిచేసినవాడికి పౌనులో కొంత మిగులుతుంది, సంపాదన పెరిగితే ఇల్లు నష్టపోదు. అమెరికాలో 1975 నుంచి ఉన్న పన్ను రాయితీ ఇంకో అడుగు ముందుకేసి తక్కువ జీతానికి పనిచేసే కుటుంబానికే ఎదురు డబ్బిస్తుంది.

అంత దూరం పోనక్కర్లేదు, మన రాష్ట్రంలోనే నమూనా ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి తెల్లకార్డే కొలమానంగా ఉండేది. 2019 చివర్లో దాన్ని ఏడాదికి ఐదు లక్షల ఆదాయం దాకా పెంచారు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు గీత రెండున్నర లక్షలు. అంటే బియ్యం లక్షా ఇరవై వేల దగ్గర, ఫీజు రెండున్నర లక్షల దగ్గర, ఆసుపత్రి ఐదు లక్షల దగ్గర ఆగుతాయి. అనుకుని కట్టినా కట్టకపోయినా అది మెట్లదారి అయింది. ఉద్యోగంలో చేరితే గుండె ఆపరేషనుకు డబ్బు ఎలాగన్న భయం చాలా ఇళ్ళలో పోయింది. పింఛనును, పిల్లల డబ్బును కూడా అలా వేర్వేరు మెట్ల మీద పెట్టడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఆదాయం 12,000 దాటిన ఏడాదే అంతా ఆపకుండా, రెండేళ్ళు గడువిచ్చి, సగం సగంగా తగ్గించినా గుంట పూడుతుంది. ఖర్చవుతుంది నిజమే. ఆ ఖర్చుకు బదులుగా రాష్ట్రానికి పీఎఫ్ ఉన్న, లెక్కకు దొరికే, చట్టం రక్షణ ఉన్న ఉద్యోగులు వస్తారు.

కొల్లేటి లంకల్లో ఇంకో చిక్కు ఉంది. నెల ఆదాయం అనే మాటే అక్కడ అతకదు. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2005-06లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. చెరువు సొసైటీల మీద బతికిన వడ్డీ కులపు మత్స్యకారులు చాలామంది ఎవరో ఒకరి చెరువు దగ్గర కాపలాకో, మేత చల్లడానికో, పట్టుబడికో వెళ్ళేవాళ్ళయ్యారు. పని ఉన్న నెల పదిహేనువేలు తెచ్చే ఇల్లు, మరుసటి నెల మూడువేలతో గడుపుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచాక ఆ నీళ్ళన్నీ కొల్లేటికే వచ్చాయి. లంక ఊళ్ళకు దారులు మూసుకుపోయి రోజుల తరబడి పని లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరి రొయ్య ధర పడినప్పుడు చెరువు వేసే రైతు వెనకాడాడు. రైతు వెనకాడితే షెడ్డులో తలలు వలిచే ఆడవాళ్ళకు బుట్ట లేదు.

వేట నిషేధ కాలంలో కుటుంబానికి 20,000 ఇచ్చే సాయం సముద్రంలో వేటకెళ్ళేవారికే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలు ఒడ్డున ఉంటాయి కాబట్టి అది న్యాయమే. అదే ఎండల్లో కొల్లేరు ఇంకిపోయి వల కట్టేసిన మనిషికి అలాంటిది లేదు. యాభై ఏళ్ళు నిండితే మత్స్యకార పింఛను ఉంటుంది, అదొక్కటే ఆసరా. ఇక పీఎం కిసాన్ ఆరువేలు పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ళకే. ఊడ్పులకు మనుషులు దొరకడం లేదని మొత్తుకునే కౌలురైతుకు అందులో వాటా లేదు. పనికీ సాయానికీ తగవు పెట్టి చూసేవాళ్ళు ఈ సంగతి కూడా గమనించాలి. పొలంలోకి దిగని పట్టాదారుకు అందే సొమ్ము గురించి టీకొట్టు దగ్గర ఎవరూ బద్ధకం మాట ఎత్తరు.

పనికి వెళ్ళినందుకే విలువ పెరిగే సాయమూ ఉంటుంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు అలాంటిది. భీమడోలు నుంచో నిడమర్రు నుంచో పట్టణంలో పనికొచ్చే ఆడమనిషికి రానూపోనూ అరవై రూపాయలు మిగిలాయనుకుంటే పాతిక రోజులకు పదిహేను వందలు. జీతం ఎనిమిదివేలున్నచోట అది యజమాని కూడా ఇవ్వని పెంపు. ఇంట్లో కూర్చుంటే ఆ లాభం రాదు. పల్లెవెలుగు ఎక్కితేనే వస్తుంది. బస్సు వెళ్ళని లంకలకు ఆ లాభమూ లేదు. అక్కడి ఆడవాళ్ళకు ఆటో ఖర్చు ఎప్పటిలాగే ఉంది. బిడ్డను చూసుకునే చోటు, దారి, బస్సు ఉన్న ఊళ్ళో ఆడవాళ్ళు పనికి వెళ్తారు. ఈ మూడూ లేని ఊళ్ళో వెళ్ళలేకపోతున్నారంటే కారణం ఉచిత బియ్యం కాదు.

గీత మారేదాకా కుటుంబాలు జాగ్రత్తపడాల్సిన చోట్లు కొన్నున్నాయి. పథకం ఆగిపోయిందన్న కబురు వస్తే కారణం ఏదని గ్రామ, వార్డు సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి. చాలాసార్లు నిజమైన ఆదాయం కన్నా పొరపాటు నమోదే అడ్డుపడుతుంది. అద్దెకున్నవారి మీటర్లు కూడా ఇంటి యజమాని ఆధార్‌కే ముడిపడి ఉంటే 300 యూనిట్లు సులువుగా దాటుతాయి. ఎవరి మీటరు వారి పేరున విడదీయించుకోవాలి. కరెంటు లెక్క ఒక్క నెలది కాదు, కొన్ని నెలల సగటు. ఎండాకాలం బిల్లు చూసి కంగారుపడనక్కర్లేదు. బ్యాంకు అప్పు కోసం ఎవరో చెబితే రిటర్ను వేసి, ఒక్క రూపాయి పన్ను కట్టకపోయినా ఆదాయపన్ను జాబితాలో చేరినవాళ్ళున్నారు. పన్ను సున్నా అని చూపే కాగితం జతచేసి అర్జీ పెట్టుకోవాలి. అమ్మేసిన కారు ఇంకా పాత యజమాని పేరునే ఉంటే రవాణా కార్యాలయంలో పేరు మార్పించాలి. ఉద్యోగంలో చేరిన కొడుకు విడిగా కాపురం ఉంటే, కార్డు విభజనకు జీతం మొదలైన నెలలోనే దరఖాస్తు చేసుకోవడం మంచిది. పింఛను ఆగాక తిరిగి తెచ్చుకోవడానికి పట్టే నెలల్లో మందుల ఖర్చు ఆగదు.

పీఎఫ్ మాత్రం వదులుకోకూడదు. పదేళ్ళ సర్వీసు నిండితే ఆ ఖాతాతోనే పింఛను హక్కు వస్తుంది. సర్వీసులో ఉండగా మనిషి పోతే భార్యకూ పిల్లలకూ పింఛనుంటుంది. ఆ హక్కుకు బియ్యం కార్డుతో పనిలేదు, పదివేల గీతా అడ్డురాదు.